కరెంటు పని ఎవరి చేతికి ఇవ్వాల? – షెడ్డు, రీలింగ్ యూనిట్, మడిగె పెట్టేవాళ్ళకు పాఠం



ఈ వారం పాఠం పురుగు జబ్బుల మీద కాదు, ఆకు మీద కూడా కాదు. కరెంటు మీద. మన గ్రూపులో చాలామంది ఇప్పుడు ఒట్టి పంట తీసే రైతులుగా లేరు. హొసకోటె పక్క ఒకరు చాకీ సెంటరు కడుతున్నారు. శిడ్లఘట్ట, విజయపుర వైపు కొందరు రీలింగ్ యూనిట్ పెడుతున్నారు. కె.ఆర్.పురంలో మడిగె బాడుగకు తీసుకుని నెట్లు, చంద్రికలు, మందులు అమ్మేవాళ్ళు ఉన్నారు, గూళ్ళు దాచే గోడౌను పెట్టేవాళ్ళు ఉన్నారు. వీటన్నిటికీ కరెంటు పని ఉంటుంది. అది ఇంట్లో నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు బిగించే పని లాంటిది కాదు. అందుకని ఎలక్ట్రికల్ కాంట్రాక్టరును ఎట్లా ఎంచుకోవాలో వరసగా రాస్తున్నాను. నిదానంగా చదవండి, అవసరమైన చోట పేపరు మీద రాసుకోండి.

1. ఎందుకింత జాగ్రత్త?

మన బెంగళూరులోనే 2010 ఫిబ్రవరి 23న పాత ఎయిర్‌పోర్టు రోడ్డులోని కార్ల్‌టన్ టవర్స్ అనే ఆఫీసుల భవనంలో మంటలు లేచి 9 మంది చనిపోయారు. మంట మొదలైంది కరెంటు కేబుళ్ళు పోయే సందులో. ఆ సందులో నుంచే పొగ పై అంతస్తులకు ఎక్కింది. అంత పెద్ద భవనంలోనే కేబుళ్ళ దగ్గర నుంచి ప్రాణాలు పోయాయంటే, మన రేకుల షెడ్డు సంగతి ఆలోచించండి.

మన పనిలో ఇంకా మూడు అపాయాలు ఎక్కువ.

ఒకటి నీళ్ళు. చాకీ గదిలో తేమ 80 నుంచి 90 శాతం ఉంచుతాం. షెడ్డు పవర్ స్ప్రేయరుతో కడుగుతాం. రీలింగులో అయితే నేల ఎప్పుడూ తడే, చేతులూ తడే.

రెండోది మందులు. బ్లీచింగ్ పౌడరు, సున్నం కలిపి కొట్టి షెడ్డు శుద్ధి చేస్తాం. బ్లీచింగులోని క్లోరిను ఇనుమును, రాగిని తినేస్తుంది. బోర్డు లోపల స్క్రూలు తుప్పు పట్టి, వైరు బిగింపు వదులై, అక్కడ వేడి పుడుతుంది. సున్నం దుమ్ము స్విచ్చుల్లో చేరుతుంది.

మూడోది హీటర్లు. చలికాలంలో ఇక్కడ రాత్రి 15–16 డిగ్రీలకు దిగుతుంది. చాకీ పురుగుకు 26–28, పెద్ద పురుగుకు 24–25 డిగ్రీలు కావాల. అంటే హీటరు రాత్రంతా నడుస్తుంది. ఐదు నిమిషాలు నడిచే మిక్సీకి సరిపోయే వైరు, పది గంటలు నడిచే హీటరుకు సరిపోదు.

పట్టు దారం అంత తొందరగా అంటుకోదు. కానీ గోనెసంచులు, అట్టపెట్టెలు, న్యూస్‌పేపర్లు, ప్లాస్టిక్ చంద్రికలు, ఎండిన మల్బరీ కట్టెలు అంటుకుంటాయి. మన షెడ్డులో, గోడౌనులో ఉండేవి ఇవే కదా.

2. కాంట్రాక్టరును పిలిచే ముందు మన లెక్క మనం రాసుకోవాల

చాలామంది ముందు మనిషిని పిలుస్తారు, తర్వాత ఏం కావాలో ఆలోచిస్తారు. అది తారుమారు. ముందు ఒక పేపరు మీద ఏ మెషిను ఎన్ని, ఒక్కోటి ఎన్ని వాట్లు అని రాయండి. ఉదాహరణకు ఒక మాదిరి షెడ్డు:

హీటర్లు 4, ఒక్కోటి 2000 వాట్లు – 8000
సీలింగ్ ఫ్యాన్లు 6, ఒక్కోటి 75 – 450
గాలి బయటికి తోసే ఫ్యాన్లు 4, ఒక్కోటి 100 – 400
ట్యూబులైట్లు 12, ఒక్కోటి 20 – 240
ఆకు కోసే మెషిను 1 హెచ్‌పీ – సుమారు 750
నీళ్ళ మోటరు 1 హెచ్‌పీ – సుమారు 750
తేమ పెంచే మెషిన్లు 2, ఒక్కోటి 200 – 400

మొత్తం 10,990 వాట్లు. అంటే సుమారు 11 కిలోవాట్లు.

ఇప్పుడు దీన్ని 230 వోల్టులతో భాగించండి. సుమారు 48 ఆంపియర్లు వస్తుంది. అంత కరెంటు సింగిల్ ఫేజు మీద లాగితే మెయిన్ వైరు, మెయిన్ స్విచ్చు వేడెక్కుతాయి, వోల్టేజి పడిపోతుంది. అదే త్రీ ఫేజు తీసుకుని పంచితే? మొదటి ఫేజు మీద రెండు హీటర్లు, అంటే 4000. రెండో దాని మీద ఒక హీటరు, ఆకు మెషిను, ఫ్యాన్లన్నీ కలిపి 3600. మూడో దాని మీద ఒక హీటరు, నీళ్ళ మోటరు, తేమ మెషిన్లు, లైట్లు కలిపి 3390. ఒక్కో ఫేజు మీద 15 నుంచి 17 ఆంపియర్ల దగ్గరే నిలుస్తుంది. సరిగ్గా పంచితే తేడా ఇంత ఉంటుంది.

ఈ పేపరే మీ చేతిలో మొదటి ఆయుధం. కాంట్రాక్టరు వచ్చాక ఈ పేపరు చూపించండి. మంచి పనివాడు దాన్ని చూసి ప్రశ్నలు అడుగుతాడు. "అన్నా, హీటర్లు నాలుగూ ఒకేసారి వేస్తారా? వచ్చే ఏడు ఇంకో షెడ్డు కడతారా? జనరేటరు ఉందా?" అని. పేపరు చూడకుండానే "అదంతా నేను చూసుకుంటాలే అన్నా, పాయింటుకు ఇంత" అనేవాడి దగ్గర కొంచెం ఆగండి.

3. లైసెన్సు – పేరు, తేదీ, మనిషి మూడూ చూడాల

కర్ణాటకలో కాంట్రాక్టరు లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేటు. కన్నడలో విద్యుత్ పరివీక్షణాలయ అని బోర్డు ఉంటుంది. బెస్కాం కరెంటు సరఫరా చేసే కంపెనీ, ఇది వేరే శాఖ. రెండూ ఒకటే అనుకోవద్దు.

లైసెన్సులో మూడు మెట్లు ఉంటాయి. పని ఒప్పుకునేవాడికి కాంట్రాక్టరు లైసెన్సు. పని దగ్గరుండి చూసేవాడికి సూపర్‌వైజరు పర్మిట్. చేత్తో చేసేవాడికి వైర్‌మన్ పర్మిట్. చట్టం ప్రకారం ఇట్లాంటి పని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు చేయాల, పర్మిట్ ఉన్న సూపర్‌వైజరు చూడాల.

మీరు అడగాల్సినవి:
– లైసెన్సు కాపీ. అందులో పేరు, మీతో మాట్లాడే మనిషి లేదా వాళ్ళ సంస్థ పేరు ఒకటేనా?
– గడువు తేదీ దాటిపోయిందా?
– ఆ లైసెన్సు తరగతికి ఎంత వోల్టేజి, ఎంత లోడు పని చేసే అనుమతి ఉంది? మన లోడు దాని లోపల ఉందా?
– సైటుకు వచ్చే సూపర్‌వైజరు ఎవరు? వారానికి ఎన్నిసార్లు వస్తాడు?

ఇక్కడ ఒక మోసం జరుగుతూ ఉంటుంది. పని ఒకడు చేస్తాడు, సంతకం ఇంకొకడు పెడతాడు. లైసెన్సు అరువుకు తెచ్చినట్టు. సంతకం పెట్టినాయన మీ షెడ్డు మొహం కూడా చూసి ఉండడు. రేపు ఏదన్నా జరిగితే పని చేసినవాడు దొరకడు, సంతకం పెట్టినవాడు నాకు తెలియదంటాడు. అందుకే లైసెన్సులో ఉన్న మనిషిని ఒక్కసారన్నా సైటు మీద చూడందే అడ్వాన్సు ఇవ్వద్దు. లైసెన్సు మీద అనుమానం వస్తే నంబరు రాసుకుని ఇన్‌స్పెక్టరేటు ఆఫీసులో అడగండి. సిగ్గుపడే పని కాదు.

కుప్పం, పలమనేరు, మదనపల్లె, హిందూపురం వైపు కట్టేవాళ్ళు ఆంధ్ర లైసెన్సు అడగండి. రాష్ట్రం మారితే లైసెన్సు ఇచ్చే చోటు మారుతుంది.

4. పాత పని చూసి రండి

కొత్తగా చేసిన పని ఎవరిదైనా బాగానే కనిపిస్తుంది. రెండు మూడేళ్ళ కింద చేసిన పని చూపించమనండి. వీలైతే నీళ్ళు, తేమ ఉండే చోటు, అంటే రీలింగ్ యూనిట్, పాల డెయిరీ, కోళ్ళ ఫారం లాంటిది. అక్కడ బోర్డు దగ్గర నిలబడి చూడండి. ఏ స్విచ్చు దేనికో పేర్లు రాసి ఉన్నాయా? కాలిన వాసన ఉందా? ప్లగ్గుల దగ్గర నల్లగా మాడిందా? వైర్లు బయటికి వేలాడుతున్నాయా? యజమానిని రెండు మాటలు అడగండి. "పని అయ్యాక పిలిస్తే వచ్చాడా? చెప్పిన రేటు కంటే ఎంత ఎక్కువ అయింది?" ఆ రెండు జవాబుల్లో సగం విషయం తెలిసిపోతుంది.

5. కొటేషన్ – మొత్తం చూడొద్దు, లోపల చూడండి

ముగ్గురి దగ్గర తీసుకోండి. ముగ్గురికీ మీరు రాసిన అదే లోడు పేపరు ఇవ్వండి. లేకపోతే ఒకరు మామిడికాయకు, ఒకరు మామిడిచెట్టుకు రేటు చెప్పినట్టు ఉంటుంది.

మాటకు ఒకాయన 90 వేలు, ఇంకొకాయన 68 వేలు అన్నారనుకోండి. 22 వేలు మిగిలిందని సంతోషపడే ముందు ఆ 22 వేలు ఎక్కడ తగ్గిందో వెతకండి. మామూలుగా తగ్గేది ఈ చోట్లే:

వైరు మందం. లైట్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు సరిపోతుంది. 2 కిలోవాట్ల హీటరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, అదీ రాత్రంతా. దానికి 2.5 వైరు, ఒక్కో హీటరుకు వేరే లైను ఉండాల. తక్కువ కొటేషనులో అన్నిటికీ 1.5 అని ఉండొచ్చు, లేదా అసలు మందమే రాసి ఉండకపోవచ్చు.

వైరు రకం. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న వైరు కూడా బజారులో ఉంది. పోగును కత్తితో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. ఐఎస్ఐ గుర్తు కింద ఉండే నంబరును ఫోనులో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి అసలుదో కాదో చూడొచ్చు.

ఆర్‌సీసీబీ. చాలామంది ఎంసీబీ ఉంది కదా చాలు అంటారు. రెండూ వేరు. ఎంసీబీ లోడు ఎక్కువైనా, షార్టు అయినా పడిపోతుంది. వైరును కాపాడుతుంది. కానీ మనిషి గుండె ఆగిపోవడానికి చాలినంత కరెంటు ఎంసీబీకి లెక్కలోకే రాదు. మనిషి ఒంట్లో నుంచి కరెంటు భూమిలోకి కారితే కనిపెట్టి ఆపేది ఆర్‌సీసీబీ. మనుషుల రక్షణకు 30 మిల్లీఆంపియర్లది వేయించుకోవాల. తడి నేల మీద పనిచేసే మన ఆడవాళ్ళకు, కూలీలకు అదే ప్రాణం. కొటేషనులో ఇది లేకపోతే ఆ కొటేషన్ పక్కన పెట్టేయండి.

ఎర్తు. ఎర్తు గుంతలు ఎన్ని, ఏ కడ్డీ అని రాసి ఉండాల. త్రీ ఫేజు మోటరుంటే దాని ఇనుప ఒంటికి రెండు వేరువేరు ఎర్తు తీగలు కలపాలని నిబంధన. ఒకటి తెగినా ఇంకొకటి ఉండాలని.

ఇంకా కూలి ఎంత, జీఎస్టీ ఎంత, బెస్కాంకు కట్టేది ఎంత అని విడివిడిగా రాయించుకోండి. ఆఫీసుకు కట్టిన ప్రతి రూపాయికి రసీదు మీ పేరు మీద రావాల.

6. మన షెడ్డుకు మాత్రమే సంబంధించినవి

పట్నం కాంట్రాక్టరుకు మెషిన్లు తెలుస్తాయి గాని పురుగు తెలియదు. ఇవి మనమే చెప్పాల.

– మెయిన్ బోర్డు పురుగుల గది లోపల వద్దు. బయట వరండాలోనో, చిన్న గదిలోనో పెట్టించండి. లోపల తప్పనిసరైన బాక్సులు ఐపీ 65 రకం, అంటే దుమ్ము, నీటి జల్లు లోపలికి పోనివి.
– ఇనుప పైపులు కాకుండా పీవీసీ పైపులు వేయించండి. బ్లీచింగుకు ఇనుము నిలబడదు.
– గోడలో వైరు కోసం వేసిన ప్రతి రంధ్రం గట్టిగా మూయాల. చిన్న సందు చాలు, ఊజి ఈగ లోపలికి వచ్చేస్తుంది. వేలు పోసి కట్టిన నెట్ దండగ అవుతుంది.
– షెడ్డు అంతటికీ ఒకటే ఆర్‌సీసీబీ పెట్టొద్దు. హీటర్లకు ఒకటి, లైట్లు ఫ్యాన్లకు ఒకటి, మోటర్లకు ఒకటి. ఐదో దశలో పురుగు ఆకు విరగబడి తినేటప్పుడు ఒక హీటరు పాడైతే మొత్తం షెడ్డు చీకటి, గాలి లేకుండా అయిపోకూడదు.
– కొందరు హీటరు వేయగానే ఆర్‌సీసీబీ పడిపోతోందని దాన్ని తీసేసి నేరుగా కలిపేస్తారు. అది జ్వరం వచ్చిందని థర్మామీటరు పగలగొట్టినట్టే. పడిపోతోందంటే ఎక్కడో కరెంటు కారుతోంది. కారే హీటరును వెతికి మార్చాల.
– జనరేటరు, ఇన్వర్టరు ఉంటే సరైన చేంజ్‌ఓవర్ స్విచ్చు ఉండాల. లేకపోతే మన జనరేటరు కరెంటు వెనక్కి లైనులోకి పోయి, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. ఆయన లైను ఆపేశాం కదా అని నమ్మి ఎక్కి ఉంటాడు.
– పనివాళ్ళు షెడ్డులో బీడీ, పొగాకు వాడకూడదు. పొగాకు పురుగుకు విషం. చెద పురుగుల మందు, దోమల చుట్టలు కూడా లోపల వద్దని ముందే చెప్పండి.
– పని రెండు పంటల మధ్య పెట్టుకోండి. ముందు వైరింగ్, తర్వాత కడగడం, ఆఖరున శుద్ధి. శుద్ధి అయ్యాక గోడలు తవ్వితే చేసిన శుద్ధి దండగ. మందు కొట్టే ముందు ప్రతిసారీ మెయిన్ ఆపేయాల.

7. మీటరు, కాగితాలు

కె.ఆర్.పురంలో మడిగె, గోడౌను బాడుగకు తీసుకునేవాళ్ళు ముందు కరెంటు బిల్లు అడగండి. దాని మీద మంజూరైన లోడు ఎంత అని ఉంటుంది. 3 కిలోవాట్లు ఉన్న చోట 11 కిలోవాట్ల సామాను పెట్టలేం. ఎక్కువ లోడుకు దరఖాస్తు యజమాని పెట్టాలా, మీరు పెట్టాలా, ఖర్చు ఎవరిది అని బాడుగ పత్రంలోనే రాయించుకోండి.

ఇంటి మీటరు మీద వ్యాపారం నడపొద్దు. 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను కింద, అసలు వర్తించే రేటుకు రెండింతలు లెక్కగట్టి వసూలు చేస్తారు. ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకు లెక్క వేస్తారు. పురుగుల షెడ్డు, రీలింగ్, అమ్మకం మడిగె మూడూ ఒకే రేటు కిందికి రాకపోవచ్చు. మీది ఏ కోవలోకి వస్తుందో సబ్‌డివిజన్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

కొత్త భవనానికి ఇంకో సంగతి ఉంది. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే కరెంటు, నీళ్ళ కనెక్షన్లు ఇవ్వాలని చెప్పింది. కాబట్టి "కాగితాలు లేకపోయినా మీటరు నేను తెప్పిస్తా, ఇంత ఇవ్వండి" అనే కాంట్రాక్టరును నమ్మొద్దు. భవనం తీసుకునే ముందే ఆ సర్టిఫికెట్ అడగండి.

మీటరు దాకా లైను బెస్కాం బాధ్యత. మీటరు దాటాక మనది. లైను తెగినా, స్తంభం దగ్గర నిప్పురవ్వలు కనిపించినా 1912కు ఫోను చేయండి, చేత్తో ముట్టుకోవద్దు.

8. డబ్బు ఎట్లా ఇవ్వాల

మొత్తం ముందే ఇచ్చేస్తే మనిషి కనపడడు. అసలు ఇవ్వకపోతే పని మొదలు కాదు. నాలుగు భాగాలు చేసుకోండి. సామాను సైటుకు వచ్చాక 30 శాతం, పైపులు వైర్లు లాగాక 30, బోర్డులు బిగించాక 30. చివరి 10 శాతం పరీక్ష కాగితం చేతికి వచ్చి, ఒక నెల నడిచాక. ఇది ముందే తెల్ల కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. సామాను బిల్లులు మీ పేరు మీద తీసుకోండి.

9. పని అయ్యాక పరీక్ష

లైటు వెలిగింది కాబట్టి పని అయిపోయింది అనుకోవద్దు. తప్పు వైరింగులో కూడా లైటు వెలుగుతుంది. మీ ఎదురుగా ఇవి చేయించండి:

– 500 వోల్టుల మెగ్గరుతో వైర్ల ఇన్సులేషన్ పరీక్ష. ఒక మెగా ఓము కంటే తగ్గకూడదు.
– ఎర్తు పరీక్ష. ఎన్ని ఓములు వచ్చిందో రాసివ్వాల.
– ప్రతి ఆర్‌సీసీబీ మీద టెస్టు బటన్ నొక్కితే పడాల. తర్వాత మీరు కూడా నెలకొకసారి నొక్కండి.
– హీటర్లన్నీ వేసి రెండు గంటలు నడిపి, ప్లగ్గులు, బోర్డు పైమూత వేడెక్కాయేమో చూడటం.
– ఏ లైను ఎక్కడికి పోతుందో చూపించే బొమ్మ, కాంట్రాక్టరు సంతకంతో పని పూర్తయిన రిపోర్టు. ఈ రిపోర్టు, బిల్లులు, లైసెన్సు కాపీ ఒక ఫైలులో పెట్టండి. ఇన్సూరెన్సు కావాల్సి వచ్చినప్పుడు ముందు అడిగేది ఇవే.

10. ఫోనులో దాచుకోవాల్సిన ఎనిమిది ప్రశ్నలు

1. లైసెన్సు ఎవరి పేరు మీద, గడువు ఎప్పటిదాకా?
2. సూపర్‌వైజరు ఎవరు, సైటుకు ఎప్పుడు వస్తాడు?
3. రెండేళ్ళ కింద చేసిన పని ఎక్కడ చూపిస్తారు?
4. హీటరు లైనుకు వైరు ఎంత మందం, ఏ కంపెనీ?
5. ఆర్‌సీసీబీలు ఎన్ని, ఎన్ని మిల్లీఆంపియర్లవి?
6. ఎర్తు గుంతలు ఎన్ని?
7. మెగ్గరు పరీక్ష నా ఎదురుగా చేసి రాసిస్తారా?
8. పని అయ్యాక ఏదన్నా చెడితే ఎన్నాళ్ళు ఉచితంగా చూస్తారు?

ఈ ఎనిమిదిటికీ విసుక్కోకుండా జవాబు చెప్పేవాడు దొరికితే, రెండు వేలు ఎక్కువైనా వాడికే ఇవ్వండి. వంద లేయింగుల పంట ఒకటి పోతే 60–70 కేజీల గూళ్ళు పోతాయి, వచ్చే పంటకు మళ్ళీ తీసుకోవచ్చు. హీటరు సరిచేయడానికి తడి చేతితో పోయిన మనిషి మాత్రం మళ్ళీ రాడు.

ఇప్పటికే షెడ్డు నడుపుతున్నవాళ్ళు ఈ పాఠం చదివాక ఒక్క పని చేయండి. బోర్డు దగ్గరకు పోయి ఆర్‌సీసీబీ ఉందో లేదో చూడండి. ఉంటే టెస్టు బటన్ నొక్కండి. పడకపోయినా, అసలు లేకపోయినా, ఈ పంట దిగగానే మొదటి ఖర్చు అదే పెట్టుకోండి. సందేహాలుంటే మీ లోడు లెక్క రాసి గ్రూపులో పెట్టండి, కలిసి చూద్దాం. కొత్తగా షెడ్డు కడుతున్న మీ బంధువులకు కూడా ఇది పంపండి.

అందరి పంటలు బాగా పండాలి. ఉంటాను.